లీడ్స్‌లో చదువుకుంటూ యార్క్‌ని ఒక్క రోజులో చూసి రావడం ఎలా

లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హడర్స్‌ఫీల్డ్, షెఫీల్డ్ వైపు మాస్టర్స్‌కి వచ్చిన మనవాళ్లు చాలామంది లండన్ చూస్తారు, ఎడిన్‌బరో చూస్తారు, వీసా దొరికితే పారిస్ కూడా వెళ్లొస్తారు, పక్కనే ఉన్న యార్క్‌ని మాత్రం "ఎప్పుడైనా వెళ్లొచ్చులే" అని వదిలేస్తారు. లీడ్స్ నుంచి రైలెక్కితే అరగంట కూడా పట్టదు. నేను కూడా వచ్చిన ఏడు నెలలకు గానీ వెళ్లలేదు. క్లాసులు, వారానికి 20 గంటల పార్ట్‌టైమ్, అసైన్‌మెంట్లు, ఆ తర్వాత డిసర్టేషన్, ఇలా రోజులు గడిచిపోతాయి. నా రూమ్మేట్ ఒకమ్మాయి చదువు పూర్తయి, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయేదాకా యార్క్ చూడనేలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ప్లాన్ లేక సగం రోజు వృథా అయింది. రెండోసారి ఒక్కదాన్నే వెళ్లి తీరిగ్గా తిరిగాను. మూడోసారి నా కాన్వొకేషన్‌కి వచ్చిన అమ్మని తీసుకెళ్లాను. ఈ మూడింటిలో నాకు తెలిసింది ఒకటే: యార్క్‌లో సగానికి సగం ఉచితం, కాబట్టి టికెట్ డబ్బులు ఒక్కచోటే పెట్టండి, మిగతాది కాళ్లతో చూడండి. ఐదారు టికెట్లు కొని గబగబా లోపలికి వెళ్లి బయటికొచ్చేవాళ్లకి ఈ ఊరు అంతుబట్టదు.

ముందు రోజు ఎంచుకోండి

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డిసెంబర్‌లో యార్క్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది. ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ మీద నడవొచ్చు, కానీ చీకటి పడే వేళకి దాన్ని మూసేస్తారు, మంచు గడ్డకట్టి జారుతుంటే ఆ రోజు అసలు తెరవరు. కాబట్టి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లడం మంచిది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్తే గోడ పక్కన కట్టల నిండా పసుపు డాఫడిల్ పూలు ఉంటాయి, అది చూసి తీరాలి. క్రిస్మస్ మార్కెట్ రోజుల్లో శనివారం మాత్రం వెళ్లకండి, ఇరుకు వీధుల్లో అడుగు ముందుకి పడదు.

ఆదివారం కూడా నేను వద్దనే అంటాను. యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, చూడ్డానికి వచ్చేవాళ్లని మధ్యాహ్నం నుంచే లోపలికి పంపిస్తారు. పైగా ఆదివారాల్లో రైలు పట్టాల పనులు పెట్టుకుని రైలు బదులు బస్సులు నడుపుతుంటారు. సోమవారం నుంచి శుక్రవారం మధ్య క్లాసు లేని ఒక రోజు దొరికితే అదే చూసుకోండి. ఏ రోజైనా సరే, ముందు రోజు రాత్రి మిన్‌స్టర్ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. ఏదైనా కార్యక్రమం ఉంటే సందర్శకులకి మూసేస్తారు. మొదటిసారి నేను చూసుకోలేదు, అంతదూరం వెళ్లి తలుపు దగ్గరి నుంచే వెనక్కి వచ్చాను.

టికెట్ సంగతి

ముందుగా రైల్‌కార్డ్, అంటే రైలు టికెట్ల మీద తగ్గింపు ఇచ్చే కార్డు. 16–25 రైల్‌కార్డ్ అనే పేరు చూసి, 26 దాటినవాళ్లు మనకి రాదనుకుని ఊరుకుంటారు. ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఆ వయసు దాటినా ఇస్తారు, యూనివర్సిటీ నుంచి ధ్రువీకరణ కావాలి అంతే. ఇంటి దగ్గర రెండుమూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు మనలో ఎక్కువే కదా, వాళ్లకి ఇది తెలియక ఏడాదంతా పూర్తి ఛార్జీ కడుతుంటారు. రైల్‌కార్డ్ ఉంటే మూడో వంతు తగ్గుతుంది. ఒక మెలిక ఉంది: సోమవారం నుంచి శుక్రవారం వరకు పొద్దున 4:30 నుంచి 10 గంటల లోపు ప్రయాణాలకి కనీస ఛార్జీ నియమం వర్తిస్తుంది (జూలై, ఆగస్టుల్లో ఉండదు), అందువల్ల లీడ్స్–యార్క్ లాంటి చిన్న దూరానికి ఆ వేళలో తగ్గింపు దాదాపు కనిపించదు. పది దాటాక బయల్దేరితే సరిపోతుంది.

తర్వాత ఏ రకం టికెట్ అన్నది. అడ్వాన్స్ టికెట్ చవక, కానీ అందులో రాసిన రైలు మాత్రమే ఎక్కాలి. నేను మొదటిసారి అడ్వాన్స్‌లో రానూపోనూ కొనుక్కుని, సాయంత్రం వాన ఎక్కువైతే ఒక గంట ముందున్న రైలెక్కేశాను. అదే ఊరికి వెళ్లే రైలే కదా అనుకున్నాను. టికెట్ చూసేవాడు వచ్చి ఇది చెల్లదన్నాడు, అక్కడే కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది. ఆ రోజు నా తిండి ఖర్చు కంటే అదే ఎక్కువైంది, లీడ్స్ వచ్చేదాకా కిటికీలోంచి కూడా చూడబుద్ధి కాలేదు. కాబట్టి వెళ్లేటప్పుడు అడ్వాన్స్ తీసుకున్నా, తిరిగొచ్చేది ఖాళీగా ఉంచుకోండి. లేదా ఆఫ్‌పీక్ రిటర్న్ తీసుకోండి. ఆఫ్‌పీక్‌లో రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కొచ్చు, వాన వచ్చినా, కాళ్లు నొప్పెట్టినా, ఇంకో గంట ఉండాలనిపించినా టెన్షన్ ఉండదు. రైలు కంపెనీల సొంత యాప్‌లలో కొంటే బుకింగ్ ఫీజు పడదు, వేరే యాప్‌లలో కొన్నిసార్లు పడుతుంది, డబ్బు కట్టేముందు ఆఖరి స్క్రీన్ ఒకసారి చూసుకోండి.

మరీ పొదుపుగా వెళ్లాలంటే లీడ్స్ నుంచి కోస్ట్‌లైనర్ బస్సు ఉంది, టాడ్‌కాస్టర్ మీదుగా యార్క్ వెళ్తుంది. ఇంగ్లండ్‌లో ఒకవైపు బస్సు టికెట్‌కి 2025 జనవరి నుంచి 3 పౌండ్ల గరిష్ఠ ఛార్జీ పెట్టారు, మీరు వెళ్లే రోజుకి అది అలాగే ఉందో లేదో చూసుకోండి. రైలు కంటే సమయం బాగా ఎక్కువ పడుతుంది, కానీ డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికితే పొలాలు చూస్తూ వెళ్లొచ్చు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పులిహోర. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పొద్దున కలిపితే మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, వేడి చేయక్కర్లేదు, చలికి పాడవదు. పెరుగన్నం కూడా బాగుంటుంది గానీ డబ్బా మూత గట్టిగా ఉండాలి. ఒక స్పూను, నీళ్ల సీసా, పవర్ బ్యాంక్, స్టూడెంట్ ఐడీ కార్డు (చాలాచోట్ల స్టూడెంట్ ధర వేరుగా ఉంటుంది, అడిగితేనే ఇస్తారు) పెట్టుకోండి. గొడుగు వద్దు, గోడ మీద గాలికి తిరగబడిపోతుంది, టోపీ ఉన్న వాన జాకెట్ వేసుకోండి. ఊరంతా గులకరాళ్లు పరిచిన దారులే, కాబట్టి నడిచి నడిచి అలవాటైన బూట్లే వేసుకోండి. కొత్తవి ఆ రోజు మొదలుపెట్టొద్దు.

స్టేషన్ దిగాక

వెంటనే బయటికి పరిగెత్తకండి. ప్లాట్‌ఫాం మీదే ఒక్క నిమిషం నిలబడి పైకప్పు చూడండి. 1877లో తెరిచిన స్టేషన్ ఇది, ఇనుప స్తంభాలు, కమానులు పట్టాలతో పాటే వంపు తిరిగి ఉంటాయి. బయటికి రాగానే ఎదురుగా గడ్డి కట్ట మీద తెల్లటి రాతిగోడ కనిపిస్తుంది. అదే కోటగోడ. మొత్తం చుట్టు సుమారు 3.4 కిలోమీటర్లు, నడవడానికి టికెట్ లేదు, పొద్దున 8 నుంచి చీకటి పడేదాకా తెరిచే ఉంటుంది. అంతా నడవాలంటే రెండు గంటలు పెట్టుకోవాలి. ఒక్క రోజు ట్రిప్‌లో అంతా వద్దు, రెండు ముక్కలు చాలు. ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం.

స్టేషన్ నుంచి ఎడమకి నడిచి లెండల్ బ్రిడ్జి మీదుగా ఊజ్ నది దాటండి. దాటగానే ఎడమ చేతి వైపు మ్యూజియం గార్డెన్స్, ఇదీ ఉచితమే. లోపల మల్టాంగ్యులర్ టవర్ అని ఒక పాత బురుజు ఉంది, దాన్ని వెతుక్కుని దగ్గరికి వెళ్లండి. కింది భాగంలో చిన్న చిన్న చదరపు రాళ్లు, మధ్యలో ఎర్ర ఇటుక పలకల వరస ఒకటి కనిపిస్తుంది. అది రోమన్లు కట్టింది. పైన రాళ్లు పెద్దవి, బాణాలు వేసే సన్నటి కంతలు ఉంటాయి. అది వందల ఏళ్ల తర్వాత మధ్యయుగంలో కట్టింది. ఒకే గోడలో రెండు కాలాల పనితనం చేత్తో తాకి చూడొచ్చు. రోమన్ సైన్యం క్రీ.శ. 71లో ఇక్కడ కోట కట్టి ఎబోరాకం అని పేరు పెట్టింది. యార్క్ మొదలు అదే. అదే తోటలో సెయింట్ మేరీస్ అబ్బే అనే మఠం శిథిలాలు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దు చేసినప్పుడు, 1539లో ఇదీ మూతపడింది. గడ్డి మీద కూర్చోవడానికి మంచి చోటు.

ఇక్కడ ఒక మాట ముందే తెలుసుకుంటే మ్యాప్ చదవడం తేలికవుతుంది. యార్క్‌లో "బార్" అంటే మందు షాపు కాదు, కోట ద్వారం. "గేట్" అంటే ద్వారం కాదు, వీధి. 866లో వైకింగులు, అంటే ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన యోధులు, ఈ ఊరిని పట్టుకుని జోర్విక్ అని పిలిచారు, వాళ్ల భాషలో "గాటా" అంటే వీధి, ఆ మాటే గేట్‌గా నిలిచిపోయింది. మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి. కాపర్‌గేట్ అంటే రాగి వీధి అనుకుంటాం గానీ, చెక్క గిన్నెలు చేసేవాళ్ల వీధి అని. మన ఊళ్లలో కుమ్మరి వీధి, కంసాలి బజారు ఉన్నట్టే. ఇది తెలిశాక ప్రతి బోర్డూ కొత్తగా కనిపిస్తుంది.

గోడ మీద, మొదటి ముక్క

తోట వెనక వైపు నుంచి బూథమ్ బార్ దగ్గరికి వచ్చి మెట్లెక్కండి. ఇక్కడి నుంచి మాంక్ బార్ వరకు ఉన్న నడక గోడ మొత్తంలోనే అందమైనది, నా మాట నమ్మండి. కుడి వైపు చెట్ల మధ్య నుంచి మిన్‌స్టర్ గోపురాలు మీతో పాటే నడుస్తున్నట్టు కనిపిస్తాయి, మధ్యలో పెద్దవాళ్ల ఇళ్ల పెరట్లు, పూల మొక్కలు. కొన్నిచోట్ల లోపలి వైపు పిట్టగోడ ఉండదు, చిన్న పిల్లలతో వెళ్తే చేయి వదలొద్దు. ఫొటో కోసం వెనక్కి అడుగులేసేవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త. ఎదురుగా వచ్చేవాళ్లకి దారివ్వాలి, ఇరుకుగానే ఉంటుంది.

గోడ ఊరి చుట్టూ పూర్తిగా ఉండదు. తూర్పు వైపు ఒకచోట తెగిపోతుంది. కూలిపోయిందనుకున్నాను గానీ, అక్కడ గోడ ఎప్పుడూ లేదట. విలియం రాజు ఫాస్ నదికి అడ్డుకట్ట వేయించడంతో ఆ వైపు పెద్ద చెరువు, బురద నేల ఏర్పడింది, శత్రువు దాటలేడు కాబట్టి గోడ అవసరం పడలేదు. నీళ్లనే కందకంగా వాడుకున్నారన్నమాట.

మాంక్ బార్ దగ్గర దిగి గుడ్‌రమ్‌గేట్ వీధిలోకి వస్తే, ఒక చిన్న కమాను వెనక హోలీ ట్రినిటీ అనే చర్చి దాక్కుని ఉంటుంది. తెరిచి ఉంటే లోపలికి వెళ్లండి, ఉచితం. కూర్చునే చోట్లు తలుపులున్న చెక్క పెట్టెల్లా ఉంటాయి, ఒక్కో కుటుంబం ఒక్కో పెట్టెలో కూర్చునేది. నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. పెద్ద చర్చి చూసేముందు ఈ చిన్నదాన్ని చూడడం బాగుంటుంది.

డబ్బు ఇక్కడ పెట్టండి

యార్క్ మిన్‌స్టర్. టికెట్ చవక కాదు, పౌండ్లని రూపాయల్లోకి మార్చుకుంటే చేయి వెనక్కి వస్తుంది, నాకు తెలుసు. అయినా ఒక పూట బయటి తిండి మానేసైనా ఇది చూడండి. స్టూడెంట్ ధర అడగండి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. కనీసం గంటన్నర ఉంచుకోండి.

లోపలికి వెళ్లేముందు దక్షిణం వైపు బయట కూర్చుని ఉన్న కంచు విగ్రహం చూడండి. అది రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్. 306లో ఆయన తండ్రి, చక్రవర్తి కాన్‌స్టాంటియస్, ఈ ఊళ్లోనే చనిపోతే సైన్యం కొడుకుని ఇక్కడే చక్రవర్తిగా ప్రకటించింది. తర్వాత క్రైస్తవ మతానికి రోమన్ సామ్రాజ్యంలో చోటిచ్చింది ఆయనే.

అమ్మతో వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ఆగిపోయి "చెప్పులు ఎక్కడ విడవాలే?" అంది. "అక్కర్లేదమ్మా, ఇక్కడ విడవరు" అంటే "దేవుడి దగ్గరికి ఇలాగే వెళ్తారా?" అని కాసేపు మనసొప్పక నిలబడింది. లోపలికి అడుగుపెట్టి తలెత్తాక ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడున్న కట్టడం మొదలుపెట్టింది సుమారు 1220లో, పూర్తయింది 1472లో. అంటే మొదటి రాయి పెట్టినవాడి మనవడి మనవడు కూడా పూర్తి రూపం చూడలేదు.

ముందు దక్షిణ భాగం పైకప్పు చూడండి. 1984 జూలైలో ఇక్కడ నిప్పంటుకుని ఈ కప్పంతా కూలిపోయింది, పిడుగు వల్లే అయి ఉంటుందంటారు. గుండ్రటి రోజ్ విండో అద్దాలు వేడికి వేల చోట్ల పగుళ్లిచ్చినా ఊడి పడలేదు. మళ్లీ కట్టినప్పుడు, కప్పు కలిసే చోట్ల పెట్టే చెక్క బొడిపెల్లో కొన్నింటికి పిల్లల టీవీ కార్యక్రమం ద్వారా పోటీ పెట్టి, పిల్లలు గీసిన బొమ్మలు చెక్కించారు. చంద్రుడి మీద మనిషి బొమ్మ కూడా ఉంది. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి వెతకండి.

తర్వాత ఎదురుగా ఉత్తరం వైపు వెళ్లండి. ఫైవ్ సిస్టర్స్ విండో అని ఐదు సన్నటి పొడవాటి కిటికీలు పక్కపక్కన ఉంటాయి, ఒక్కోటి 16 మీటర్లు. 13వ శతాబ్దంవి. మిగతా కిటికీల్లా ఎరుపు, నీలం మెరుపులు ఉండవు, బూడిద, లేత ఆకుపచ్చ కలిసిన రంగు, లక్షకు పైగా గాజు ముక్కలు. దీన్ని మొదటిసారి చూసినప్పుడు నేను ఇదేదో మాసిపోయిందనుకుని ముందుకి వెళ్లిపోబోయాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆడవాళ్ల జ్ఞాపకంగా దీన్ని 1925లో అంకితం చేశారు. దగ్గర్లోనే చెక్క తలుపుల లాంటి పలకల మీద పేర్లు రాసి ఉన్నాయి, 1,400కు పైగా. నర్సులు, ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు. అమ్మకి ఇంగ్లిష్ పేర్లు చదవడం కష్టం, అయినా ఒక వరస మొత్తం వేలు గాలిలో ఆడిస్తూ మెల్లగా చదివింది. తను ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసింది. ఆ రోజు మేము అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

చివరిగా తూర్పు గోడ. గ్రేట్ ఈస్ట్ విండో దాదాపు టెన్నిస్ కోర్టంత ఉంటుంది. జాన్ థార్న్‌టన్ అనే పనివాడు 1405 నుంచి 1408 వరకు, మూడేళ్లలో పూర్తి చేశాడు. ఆయనకిచ్చిన కూలి 56 పౌండ్లు. బైబిల్ మొదట్లోని సృష్టి కథలు, చివర్లోని ప్రళయం కథలు బొమ్మల్లో ఉన్నాయి. చదువు రానివాళ్లకి కూడా అర్థం కావాలని, మన దగ్గర గుడి మండపాల్లో రామాయణం చెక్కినట్టే. ఒక పద్ధతి చెప్తాను: మొత్తం ఒకేసారి చూడాలని చూడొద్దు. ఏదో ఒక్క చదరం ఎంచుకుని, అందులో ముఖాలు, చేతులు చూడండి, తర్వాత పక్కది. పది నిమిషాలు చాలు. మేఘం తప్పుకుని ఎండ వచ్చిందంటే అక్కడే ఉండిపోండి.

నేలమాళిగ వదలొద్దు. 1967లో మధ్య గోపురం కుంగుతోందని తెలిసి ఐదేళ్లపాటు కింద తవ్వి కాంక్రీటు పోసి నిలబెట్టారు, అప్పుడే రోమన్ కోట గోడలు బయటపడ్డాయి. టికెట్‌లో అదీ కలిసే ఉంటుంది. గోపురం ఎక్కాలంటే మాత్రం వేరే టికెట్, 275 మెట్లు, ఇరుకు. మోకాళ్లు బాగున్నవాళ్లు ఎక్కండి, నేను ఒక్కసారి ఎక్కాను, మెట్లు చుట్టలు తిరిగి తల తిరిగింది, పైన గాలి బాగుంది, కానీ తప్పనిసరి అనను.

డబ్బు అసలే లేకపోతే ఇంకో దారి ఉంది. సాయంత్రం ఈవెన్‌సాంగ్ అనే పాటల ప్రార్థన ఉంటుంది, దానికి టికెట్ లేదు, ఏ మతం వాళ్లైనా వెళ్లొచ్చు. సాధారణంగా పనిదినాల్లో 5:30కి, ఆదివారం 4 గంటలకి. స్కూలు సెలవుల్లో మారుతుంది, వెబ్‌సైట్‌లో చూసుకోండి. పావుగంట ముందే వెళ్లి చెక్కతో కట్టిన క్వయర్ భాగంలో, అంటే గాయకులు పాడే చోట, కూర్చోండి, అందరూ లేస్తే లేవండి, ఫోన్ సంచిలో పెట్టేయండి. ముప్పావు గంట. గాయకులు ఆపాక కూడా గొంతు పైకప్పులో ఇంకా తిరుగుతూ ఉంటుంది. నేను రెండోసారి వెళ్లినప్పుడు సబ్‌మిషన్ వారం, నిద్ర లేదు, ఇంటి మీద బెంగ, అక్కడ కూర్చున్న ముప్పావు గంటలో మనసు నెమ్మదించింది.

మధ్యాహ్నం

మిన్‌స్టర్ నుంచి స్టోన్‌గేట్ వీధిలోకి రండి. మూలన పైన పుస్తకాలు, గుడ్లగూబతో రోమన్ దేవత మినర్వా బొమ్మ ఉంటుంది, ఒకప్పుడు ఇక్కడ పుస్తకాల వ్యాపారం నడిచేది. కొంచెం ముందుకెళ్తే గోడకి ఒక చిన్న ఎర్ర దయ్యం బొమ్మ, నడుముకి గొలుసుతో. ముద్రణశాలలో పనికి కుదిరిన కుర్రాళ్లని "ప్రింటర్స్ డెవిల్" అనేవాళ్లు, ఆ గుర్తు అది. షాపు కిటికీలు చూస్తూ వెళ్తే కనపడదు, తలెత్తే నడవాలి.

తర్వాత షాంబుల్స్. ఫొటోల్లో అందరూ చూసే ఇరుకు వీధి, పై అంతస్తులు ముందుకి వంగి ఒకదానికొకటి తాకుతాయేమో అనిపిస్తుంది. అది మాంసం అమ్మేవాళ్ల వీధి, మాంసానికి ఎండ తగలకుండా ఆ నీడ పనికొచ్చేది. పేరు కూడా మాంసం పెట్టే బల్లల నుంచే వచ్చింది. కిటికీల కింద వెడల్పాటి చెక్క బల్లలు, పైన వరసగా ఇనుప కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ వాటిని చూడగానే "మన సంతలో మేకని వేలాడదీసేవి ఇవే కదే" అంది. ఇదే వీధిలో మార్గరెట్ క్లిథరో జ్ఞాపకంగా ఒక చిన్న గది ఉంది, ఉచితం. ఒక మాంసం వ్యాపారి భార్య. కాథలిక్ ఫాదర్లని దాచిందని 1586లో బరువులు మీద పెట్టి చంపారు. సెల్ఫీల సందడి పక్కనే ఆ గదిలో ఎవరూ ఉండరు, రెండు నిమిషాలు కూర్చోండి.

పక్కనే షాంబుల్స్ మార్కెట్. బల్లలున్నాయి, పులిహోర అక్కడే తినొచ్చు, వేడిగా ఏదైనా కావాలంటే చుట్టూ బండ్లున్నాయి. యార్క్‌షైర్ పుడింగ్ తీపి అనుకోవద్దు, పిండి, గుడ్డు, పాలతో చేసే ఉప్పటి పొంగుడు లాంటిది, మాంసం చుట్టి ఇస్తారు. శాకాహారులు, గుడ్డు తిననివాళ్లు అడిగి తీసుకోండి. ఇంటికి ఏమైనా పట్టుకెళ్లాలంటే చాక్లెట్ కొనండి. కిట్‌క్యాట్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1935లో, రౌన్‌ట్రీ కంపెనీలో.

మధ్యాహ్నం మిగిలిన టైమ్‌కి ఒక్కటే ఎంచుకోండి. రైళ్లంటే ఇష్టముంటే స్టేషన్ వెనకున్న నేషనల్ రైల్వే మ్యూజియం, ఉచితం, టాయిలెట్లు కూడా బాగుంటాయి. 1938 జూలై 3న గంటకి 126 మైళ్లు, అంటే సుమారు 203 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తిన మాలార్డ్ ఆవిరి ఇంజిన్ అక్కడుంది, నీలం రంగు. జపాన్ బుల్లెట్ రైలు పెట్టెలోకి ఎక్కి కూర్చోవచ్చు. వైకింగుల మీద ఆసక్తి ఉంటే కాపర్‌గేట్‌లో జోర్విక్ అనే పేరుతోనే ఉన్న వైకింగ్ ప్రదర్శన, అది టికెట్, క్యూ కూడా ఉంటుంది. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

ఏది ఎంచుకున్నా క్లిఫర్డ్స్ టవర్ దిబ్బ దగ్గరికి మాత్రం వెళ్లండి, పైకి ఎక్కడానికి టికెట్ గానీ కింద నిలబడడానికి కాదు. 1190 మార్చిలో యార్క్ యూదులు, సుమారు 150 మంది, ఊరి గుంపుకి భయపడి ఈ దిబ్బ మీద అప్పుడున్న చెక్క కోటలో తలదాచుకున్నారు. బయట గుంపు చుట్టుముట్టింది. చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు, ప్రాణాలతో వదిలేస్తామంటే నమ్మి దిగొచ్చినవాళ్లని చంపేశారు. ఇప్పుడున్న రాతి బురుజు తర్వాత కట్టింది. కింద ఒక ఫలకం ఉంది, చదవండి. మార్చిలో దిబ్బంతా డాఫడిల్ పూలతో నిండుతుంది, ఆ పువ్వుకి ఆరు రేకులు, యూదుల నక్షత్రానికి ఆరు కొనలు. ఇక్కడ నవ్వుతూ ఫొటోలు దిగకండి, దయచేసి.

తిరుగు దారి

చీకటి పడకముందే అయితే రెండో ముక్క గోడ: మికిల్‌గేట్ బార్ దగ్గర ఎక్కి లెండల్ బ్రిడ్జి వైపు నడవండి. 1460లో యార్క్ డ్యూక్ రిచర్డ్ తల నరికి ఈ మికిల్‌గేట్ బార్ పైనే పెట్టారు. స్టేషన్ దాటాక గోడ మలుపు తిరిగే చోట మిన్‌స్టర్ మొత్తం ఒక్క చూపులో ఎదురుగా నిలబడుతుంది, సాయంత్రం ఎండ దాని మీద నేరుగా పడుతుంది. ఫొటో అక్కడ తీసుకోండి, పొద్దున కాదు. ఈవెన్‌సాంగ్‌కి ఉండిపోయేట్టయితే ఈ నడక ముందే, నాలుగున్నర లోపు పూర్తి చేసుకోండి, మిన్‌స్టర్ నుంచి స్టేషన్‌కి పావుగంట నడకే.

లీడ్స్ వైపు రైళ్లు రాత్రి దాకా ఉంటాయి, అయినా ఆఖరి రైలు టైమ్ పొద్దునే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బోర్డు మీద లీడ్స్ పేరు ఆఖరి స్టేషన్‌గా ఉండకపోవచ్చు, మాంచెస్టర్ అనో లివర్‌పూల్ అనో ఉంటుంది, కింద వచ్చే ఊళ్ల వరసలో చూడండి. సీటు దొరికితే బూట్ల లేసులు వదులు చేసుకుని, మిగిలిన పులిహోర ఉంటే అప్పుడు తినేయండి.